తడి అడుగులు

ఫక్రుద్దీన్ ఉస్తాద్ దగ్గర భూమేష్ ఏడేళ్లుగా దోమల జాలీలు బిగించే పని నేర్చుకుంటున్నాడు. పని వచ్చిందని ఉస్తాద్ ఎవరికీ నోటితో చెప్పడు. సంచిలోంచి, మట్టం చూసే కొత్త రసమట్టం తీసి చేతిలో పెడతాడు. ఆ రోజు నుంచి శిష్యుడు సొంతంగా పనులు పట్టుకోవచ్చు. భూమేష్ తర్వాత చేరినవాళ్లు కూడా రసమట్టం తీసుకుని వెళ్లిపోయారు. అతనికి మాత్రం ఇంకా అందలేదు. ఆ బాధ లోలోపల తినేస్తోంది.

అందుకే మొయినాబాద్ దగ్గర సుగుణ టీచర్ ఇంటి పని తానొక్కడే చేస్తానని అడిగి మరీ తీసుకున్నాడు. ఆమె రిటైరైన హెడ్మాస్టరమ్మ. మోకాలి ఆపరేషన్ తర్వాత రోజూ నీళ్లలో నడవమని డాక్టరు చెబితే, మూడేళ్ల కిందట పెరట్లో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించుకుంది. దోమలతో, రాలే ఆకులతో పడలేక ఇప్పుడు చుట్టూ, పైన జాలీ వేయమంది.

తలుపు ఎక్కడ పెట్టాలని అడిగితే, "నీ పని నీకు తెల్వదా బిడ్డా" అంది. భూమేష్ పెరటి గేటుకి ఎదురుగా, నట్టనడుమ పెట్టాడు. వచ్చేపోయేవాళ్ల కంట పడాలి కదా.

పది రోజులకు పని ముగిసింది. ఉస్తాద్ వచ్చాడు. జాలీని వేలితో మీటుతాడని, మూలలు కొలుస్తాడని భూమేష్ ఎదురుచూశాడు. ఆయన అవేమీ చేయలేదు. టీచరమ్మకు సలాం చెప్పి, రోజూ నడుస్తున్నారా అని అడిగాడు. పని మూలంగా పది రోజులుగా నీళ్లలో దిగనేలేదట. అయితే ఇప్పుడు దిగమన్నాడు.

తను పోయి వంటింటి మెట్ల మీద, పూల్‌కి వీపు పెట్టి కూర్చున్నాడు. భూమేష్‌ని కూడా కూర్చోమన్నాడు. పని ఎలా ఉందని భూమేష్ రెండుసార్లు అడిగాడు. ఉస్తాద్ తన ఫ్లాస్కులోంచి టీ వంచుకున్నాడు.

అరగంటకి నీళ్లలోంచి మెట్లెక్కిన చప్పుడైంది. అలవాటు కొద్దీ అడుగులు వంటింటి వైపే వచ్చాయి. సరిగ్గా వాళ్ల వెనక, జాలీ దగ్గర ఆగాయి.

"తలుపు అటుంది గదా," అని తనలో తను గొణుక్కుంది టీచరమ్మ.

జాలీ ఫ్రేము పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, పూల్ చుట్టూ తిరిగి గేటు వైపు నుంచి బయటికొచ్చింది. మంచిగ చేసినవ్ బిడ్డా అని భూమేష్‌ని మెచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ మెప్పుకి అతను తలెత్తలేకపోయాడు.

ఉస్తాద్ లేచి జాలీ దగ్గర నిలబడ్డాడు. లోపల బండల మీద తడి అడుగులు తిన్నగా వచ్చి, రెండు పాదాలు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. మూడేళ్ల నడకకు ఆ దారి పొడుగునా బండ నున్నబడి ఉంది. పది రోజులూ భూమేష్ ఆ బండ మీదే కూర్చుని సద్ది తిన్నాడు.

ఉస్తాద్ సంచిలో చెయ్యి పెట్టాడు. రసమట్టం కోసం కాదని భూమేష్‌కి తెలుసు. అయినా చెయ్యి చాపాడు.

అరచేతిలో ఒక సుద్దముక్క పడింది.

"జల్ది గీసుకో బేటా," అన్నాడు ఉస్తాద్. "అడుగులు ఆరిపోతున్నయ్."