తేనెలో ముంచిన వేపాకు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి "చిరంజీవ!" అని వినబడేసరికి తుమ్మినవాళ్ళకి మునిమనవలు పుట్టేసేవారు.

అంత అడవికీ పొద్దున్నే కబుర్లు చెప్పడానికి ఇద్దరే ఇద్దరు. తూర్పు బండ మీద చిలుక, పడమటి బండ మీద జెముడుకాకి. ఏ వాగులో నీళ్ళున్నాయి, ఏ చెట్టు కాయ పండింది, చిరుతపులి ఎటు పోయింది, అన్నీ వాళ్ళే చెప్పాలి. సగం అడవి చిలుక మాట వినేది. సగం జెముడు మాట వినేది.

బండెక్కినవాళ్ళ నోరు ఒక్కోసారి జారుతుంది కదా! దానికో పాత కట్టుబాటు ఉండేది. ఎవరి జాతినైనా, ఎవరి రంగునైనా ఎగతాళి చేస్తే అందరి ముందూ గుప్పెడు వేపాకు నమలాలి. నమిలాక, ఆ మాట పడ్డవాళ్ళే వచ్చి తమ చేత్తో ఒక తునికిపండు నోట్లో పెట్టాలి. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. ఏం రోజులర్రా అవి! పొద్దుటి తగువు మధ్యాహ్నానికల్లా తీపయ్యేది.

వేపాకు తెచ్చే పని ముళ్ళవ్వది. ముళ్ళవ్వంటే ముసలి ముళ్ళపంది. దానికి వెయ్యేళ్ళుంటాయి, తక్కువ చెబుతున్నానేమో కూడా. దాని నేస్తం ఎలుగుబంటి. చిన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసే దుంపలకి పోయేవాళ్ళు. ఎలుగు తవ్వేది, అవ్వ ఏరేది. తవ్వుతూ, ఏరుతూ చిలుక కబుర్లు వినేవాళ్ళు. ఆ గొంతంటే అవ్వకి ప్రాణం.

ఒకరోజు జెముడు నోరు జారింది. "కొంగజాతి సంగతి మనకి తెలీదుటర్రా! పైకి తెలుపు, లోపల మురుగు!" అంది.

కొంగలు బావురుమన్నాయి. ఆ మాట మొదటి చెట్టు దగ్గర "కొంగల్ని దొంగలంది" అయింది. రెండో చెట్టు దగ్గర "కొంగల్ని తరిమేయమంది" అయింది. మూడో చెట్టు చేరేసరికి "కొంగల్ని కూరొండేయమంది" అయి కూర్చుంది. తూర్పు వాళ్ళ గోలకి వాగులో చేపలకి చెవుడొచ్చింది. చేపలకి చెవులెక్కడివంటారా? ఆ రోజు మొలిచి మరీ చెవుడొచ్చింది!

అవ్వ గుప్పెడు కాదు, ఏకంగా కొమ్మే విరుచుకెళ్ళింది. "నములు! ఈనెలతో సహా నములు!" అంది. జెముడు కళ్ళనీళ్ళు కారుస్తూ నమిలింది. ఒక ముసలి కొంగ తునికిపండు పట్టుకుని ముందుకొచ్చింది.

"అప్పుడే పండేమిటి? ఇంకాస్త ఏడవనీ!" అని అవ్వ దాన్ని వెనక్కి పంపేసింది.

నెల తిరగలేదు. ఒక పొద్దున ఎలుగూ అవ్వా దుంపల దగ్గరున్నారు. తూర్పు బండ మీద చిలుక గొంతు సవరించుకుంది.

"ఇవాళ మిట్టమధ్యాహ్నమే చీకటి పడితే కంగారు పడకండర్రా! ఎలుగుజాతి కొండ దిగుతోందన్నమాట!"

తూర్పంతా పగలబడి నవ్వింది. అవ్వా నవ్వింది. ముళ్ళన్నీ గలగలలాడేలా నవ్వి, పక్కకి చూసింది. ఎలుగు తవ్వడం ఆపేసింది. తన చేతుల్ని ఎన్నడూ చూడనట్టు చూసుకుంటోంది.

"నువ్వూ నవ్వావా ముళ్ళీ?"

"అయ్యో, సరదాకందే! చిలుక మనసు వెన్న. మనం ఎరగమా?"

"జెముడు మనసు ఎరుగుదువా మరి?"

అవ్వ చేతిలో దుంపకి లేని మట్టి దులిపింది.

"వేపాకు తెస్తావా?"

"తెస్తాలేవే."

తెచ్చింది. ఒకే ఒక్క లేతాకు. అదీ తేనెలో ముంచి తెచ్చింది. చిలుక చప్పరించి, "ఇంకోటుందా అవ్వా?" అంది.

ఎలుగు చేతిలో తునికిపండు అలాగే ఉండిపోయింది. చేదే తగలని నోటికి తీపెందుకు? దాన్ని కింద పెట్టి, "వెళ్ళొస్తానండీ ముళ్ళవ్వగారూ" అంది.

అండీ! గారూ! వెయ్యేళ్ళుగా "ఒసే" తప్ప ఎరగని నోట! అవ్వ ఒంటి మీది ముళ్ళన్నీ ఒక్కసారి లోపలికి గుచ్చుకున్నాయి.

మర్నాటి నుంచి అవ్వ ఒక్కతే దుంపలకి పోయింది. తవ్వే తోడు లేదు, తిట్టే తోడూ లేదు. దొరికిన రెండు దుంపలూ రుచీ పచీ లేకుండా పోయాయి.

అంతలో ఒక నక్క పడమటి బండెక్కి అడవిపందుల జాతిని ఆడిపోసుకుంది. అవ్వ వేపాకు తీసుకెళ్ళింది.

"చిలుకకి తేనె, నాకు చేదా? నమలను పో!" అంది నక్క.

"నిజమేగా!" అని పడమటి వాళ్ళు అరిచారు. "అదీ ఇదీ ఒకటేనా!" అని తూర్పు వాళ్ళు అరిచారు. ఆ అరుపుల్లో పందుల ఏడుపు ఎవరికీ వినబడలేదు. అవ్వ చేతిలో ఆకు వాడిపోయింది.

అప్పుడు దానికి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఒకసారి మేనమామ నోరు జారితే, అమ్మే సొంత తమ్ముడికి గుప్పెడు వేపాకు పెట్టింది. పెడుతూ ఏడ్చింది. అయినా పెట్టింది.

మర్నాడు అవ్వ రెండు బండల నడుమ నిలబడింది.

"జెముడికి కొమ్మ పెట్టాను. చిలుకకి తేనె పెట్టాను. నా నేస్తాన్ని అంటే నవ్వాను. ఈ వేపాకు నాది" అంది. గుప్పెడూ నోట్లో వేసుకుని నమిలింది. ఆ చేదుకి పక్క కొండ మీది తేనెపట్టు కూడా చేదెక్కిందట!

ఎవరూ కదల్లేదు. అవ్వ తలెత్తలేదు.

పొదలు పటపటలాడాయి. ఎలుగు వచ్చింది. చేతిలో తునికిపండు.

"నోరు తెరు ముళ్ళీ."

"గారు ఏదే?" అంది అవ్వ, చేదు గొంతుతో.

"వేపాకుతో పాటు నమిలేశావుగా. తెరవ్వే!"

చిలుక రివ్వున దిగి అవ్వ ముందు వాలింది. "నాకూ పెట్టవ్వా. ఈసారి ముంచకు" అంది. దాని వెనకే నక్క, గొణుక్కుంటూ వచ్చింది. ముసలి కొంగ మాత్రం తిన్నగా జెముడు దగ్గరికి వెళ్ళింది. నెలనాళ్ళు దాచిన పండు, ఎండి గులకరాయిలా ఉంది. జెముడు దాన్ని సాయంత్రం దాకా చప్పరిస్తూనే కూర్చుంది.

నీతి: మనవాళ్ళకి తేనె, పరాయివాళ్ళకి చేదు పెడితే ఎవరి తప్పూ తీరదు, వేపాకు అందరికీ ఒకే గుప్పెడు, ఆ తర్వాత పండూ అందరికీ ఒకటే.