నూకాలు కట్టిన ఊ పద్యం

కొండ దిగువ జీడితోటలో పొద్దు వాలేసరికి జంతువులన్నీ గుండ్రంగా చేరి కూర్చునేవి. ఆ కొలువుకి కట్టుబాట్లున్నాయి. గుండ్రంలో ఉన్నంతసేపు ఎవరూ ఎవర్నీ తినకూడదు. ఎవరైనా పద్యం చదివితే, అందులో ఏ అచ్చు మళ్ళీ మళ్ళీ పలుకుతోందో దాన్ని మిగతావాళ్ళంతా వంత పాడాలి, చదివేవాళ్ళతో సహా అందరూ కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిస్తే పద్యానికి దిష్టి తగులుతుందని వాళ్ళ నమ్మకం.

పద్యాలు కట్టేది నూకాలనే పడుచు ఉడుత. ఊళ్ళో బడి చూరు మీద కూర్చుని చదువుకుంది. పిల్లలు అచ్చులు వల్లించినన్నాళ్ళూ కింద వేరుశనక్కాయలు రాలేవి. హల్లులకొచ్చేసరికి కాయల కాలం అయిపోయింది, నూకాలు చదువూ అయిపోయింది. అందుకే దానికి అచ్చులంటే ప్రాణం. ఈ అంటే ఒళ్ళంతా చక్కిలిగింత. ఓ అంటే కొండ అవతల నుంచి ఎవరో తనకోసమే పిలిచినట్టు. ఒకే అచ్చు వరసగా పడుతూ ఉంటే తోక దానంతటదే నిక్కబొడుచుకునేది.

ఒక సాయంత్రం కొలువు ముగిశాక నక్క సింహాద్రి దాన్ని పక్కకి పిలిచాడు.

"అమ్మాయీ, నిన్న ఊ మీద ఓ ముక్క చదివావు చూడు, రాత్రంతా నాకు నిద్ర లేదు."

"బాగోలేదా మామా?"

"బాగోకపోతే హాయిగా పడుకునేవాణ్ణి కదే. ఆ ఊ నా గుండెలో ఉయ్యాల కట్టుకుని కూర్చుంది. రేపు పద్యం మొత్తం ఊ మీదే కట్టు. ఇంకో అచ్చుని దగ్గరికి రానీకు."

"మొత్తమా?"

"మొదట్నుంచి చివరిదాకా. నీకు కాకపోతే ఇంకెవరికి చేతనవుతుంది?"

నూకాలుకి కాళ్ళు నేలకానలేదు. తెల్లారిందగ్గర్నుంచి కొమ్మెక్కుతూ ఒకటి, దిగుతూ ఒకటి పాదాలు అల్లుకుంది. సాయంత్రం జీడిమొద్దు మీద నిలబడి చదివింది.

"పూవూ పూవూ ఊగూ,
గూడూ గూడూ తూగూ..."

"ఊ..." అని వంత లేచింది. ముసలి ఎద్దు గవరయ్య నెమరు ఆపకుండానే ఊ అన్నాడు. గాడిద అప్పడు ఊ అన్నాడు, తోట అదిరింది. సింహాద్రి ఊ అందరికంటే తీయగా వచ్చింది.

పద్యం అయింది. కళ్ళు తెరిచారు. కౌజుపిట్ట మంగతాయి వెనక్కి తిరిగి చూసి కెవ్వుమంది. తన వెనకే గడ్డిలో దాచుకున్న రెండు గుడ్లలో ఒకటి లేదు.

"అందరం ఇక్కడే ఉన్నాం కదా, ఎవడు తీశాడు?" అన్నాడు అప్పడు.

"అందరి వంతా వినపడుతూనే ఉంది. పామై ఉంటుంది. పద్యాలు పట్టనిది అదొక్కటే," అన్నాడు గవరయ్య.

సింహాద్రి ఒక్క మాటా అనలేదు. దుఃఖంతో నోరు పెగలనట్టు తల ఊపుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ పొదల్లోకి వెళ్ళిపోయాడు. ఎంత మెత్తని మనసో అనుకుంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చాడు. "ఇవాళ కూడా ఊ మీదే చదువమ్మా. ఆ తల్లి కడుపుకోతకి నీ ఊ ఒక్కటే మందు."

నూకాలు సరేనంది. బుగ్గలో రేగుపండు పెట్టుకుని పాదాలు అల్లుతోంది. ఊ ఎంతసేపైనా వస్తోంది, పండు కదలడం లేదు. మార్పుగా ఉంటుందని సరదాకి ఆ అని సాగదీసింది. పండు టపుక్కున కింద పడింది.

మళ్ళీ బుగ్గలో పెట్టుకుని ఆ అంది, మళ్ళీ పడింది. తర్వాత తోక బిగుసుకుంది. ఒక్క పరుగున మంగతాయి దగ్గరికి వెళ్ళింది.

"అక్కా, నోట్లో గుడ్డు పెట్టుకుని కూడా ఊ అనొచ్చు."

మంగతాయి గుడ్డుకి అడ్డంగా రెక్క చాచింది. "అయితే నేనివాళ గుడ్డు మీంచి లేవను."

"లేవకపోతే రేపు సింహాద్రి నిన్నే ఎత్తుకుపోతాడు. మనం చెబితే ఎవరు నమ్ముతారు? వాడి వంత అందరూ విన్నారు. గుడ్డు వాడి నోట్లో ఉండగా అందరూ చూడాలి."

"ఉన్నది ఒక్కటే నూకాలూ. లోపల పిల్ల ముక్కుతో గీకుతోంది కూడా. దాన్ని ఎర పెట్టమంటావా?"

నూకాలు దగ్గరికి జరిగింది. "గుడ్డు దాచుకోవడానికి వాడికి ఊ అనే సంచీ కుట్టిచ్చింది నేనే అక్కా. విప్పడం కూడా నేనే విప్పుతాను."

మంగతాయి గుడ్డుని ముక్కుతో నిమిరి, సరేనంది.

సాయంత్రం నూకాలు ఊ మీదే మొదలుపెట్టింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. దిష్టి తగిలితే తగిలిందని అది మాత్రం ఓరకంట చూస్తోంది. సింహాద్రి పొట్ట నేలకి ఆనించి జరిగాడు, ఊ అంటూనే గుడ్డు అందుకున్నాడు, ఊ అంటూనే తన చోటికి వచ్చి కూర్చున్నాడు.

అప్పుడు నూకాలు గాలి నిండా పీల్చుకుంది.

"ఆకా ఆకా రాలావా,
వానా వానా ఆగావా,
తారా తారా దాగావా..."

"ఆ..." అంది కొలువంతా. మధ్యలో ఒక్క ఊ మిగిలింది.

"ఎవర్రా అది, వంత చెడగొట్టేది?" అన్నాడు అప్పడు, కళ్ళు మూసుకునే.

సింహాద్రి ఊ ఆపేసి దవడ బిగించాడు. పళ్ళు ఇంకాస్త బిగిస్తే గుడ్డు చితికిపోతుంది. నూకాలు గొంతు తగ్గించి, జోలపాటలా, నిదానంగా మళ్ళీ చదివింది. రాలావా. ఆగావా. దాగావా. పొద్దంతా బండి లాగిన గవరయ్యకి ఆ అంటూ అంటూనే ఆవులింత వచ్చింది. పక్కనున్న అప్పడికి అంటుకుంది. అప్పడి నుంచి కుందేలుకి, కుందేలు నుంచి ముంగిసకి, చుట్టూ తిరిగి సింహాద్రి దగ్గరికి వచ్చింది. పాపం, రాత్రుళ్ళు దొంగతనాలు చేసేవాడికి నిద్ర చాలదు. ముక్కు ముడిచాడు, కళ్ళు చికిలించాడు, మెడ సాగదీశాడు. దవడ మాట వినలేదు.

"ఆ..."

గుడ్డు గడ్డిలోకి జారింది. మంగతాయి దాన్ని రెక్క కిందికి లాక్కుని, "కళ్ళు తెరవండర్రా," అని అరిచింది.

అందరూ చూశారు. సింహాద్రి నోరు ఇంకా మూతపడలేదు, నాలుక మీద గుడ్డుకి అంటుకుని వచ్చిన గడ్డిపోచ.

"సింహాద్రీ, ఏం చెబుతావు?" అన్నాడు గవరయ్య లేచి కొమ్ములు వంచుతూ.

చెప్పడానికి వాడి దగ్గర చాలానే ఉంది గానీ, పాడు ఆవులింత ఒకటి మొదలైతే మధ్యలో ఆగదు. "ఆ... ఆ..." అంటూనే కొండ ఎక్కి అటు దిగిపోయాడు.

"ఎంతైనా వంత మాత్రం బాగా పట్టాడు," అన్నాడు అప్పడు.

పొగిడినవాడు ఎంత తీయగా పొగిడాడని కాదు, పొగిడి ఏం అడిగాడో చూసుకోవాలి.