చివరి గది దాకా

ఒకడు మట్టితో ఒక ఇల్లు కట్టాడు. తను ఉండటానికి కాదు, ఎవరైనా వచ్చి ఉంటారని.

ఆ దేశపు మట్టికి ఒక గుణం ఉంది. బయటివాళ్ళు ఒక్కరైనా గడప దాటి చివరి గది దాకా నడిస్తే గోడలు గట్టిపడి రాయైపోతాయి. కట్టినవాడు ఎన్నిసార్లు తిరిగినా అది లెక్కలోకి రాదు. ఎవరూ నడవకముందే తొలకరి పడిందా, ఇల్లంతా బురదే.

అందుకని అక్కడ తెలివైనవాళ్ళు సొంతంగా కట్టరు. ఊరి నడుమ మేస్త్రీల సభ ఒకటుంది. వాళ్ళు ముద్ర వేసిన ఇంటికి జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మనవాడూ ముందు అక్కడికే వెళ్ళాడు. పెద్ద మేస్త్రీ అతను తెచ్చిన ఇంటి పటాల కట్ట విప్పకుండానే చేత్తో బరువు చూశాడు.

"గదులు ఎక్కువయ్యాయి," అన్నాడు.

"ఏ గది తీసెయ్యమంటారు?"

"అది చెప్పాలంటే కట్ట విప్పాలి కదయ్యా. మూడేళ్ళాగి రా."

మూడేళ్ళు ఆగేవాడైతే ఈ కథే లేదు. ఇంటికి వస్తూ దారిలోనే ఒక పార కొన్నాడు.

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నవాడు బహుశా రెండూ మనుషుల్ని పెట్టి చేయించుకున్నవాడే. మనవాడు అందరూ తనే అయ్యాడు. పొద్దున మట్టి తొక్కాడు, మధ్యాహ్నం గోడ పెట్టాడు, సాయంత్రం వడ్రంగై తలుపు చెక్కాడు. గోడ వంకర పోతే మేస్త్రీ అయి తిట్టాడు, కూలివాడై ఆ తిట్లు పడ్డాడు. ఒకరోజు ఆ తిట్లకు రోషమొచ్చి పని మానేసి వెళ్ళిపోయాడు కూడా. మర్నాడు తనే వెళ్ళి తనను బతిమాలి తెచ్చుకున్నాడు. అంత సంతోషంగా అతను పుట్టాక ఎన్నడూ లేడు.

సున్నం కొట్టి, వాకిట్లో ముగ్గు కూడా తనే పెట్టి, డప్పు మెడలో వేసుకుని వీధిలోకి దిగాడు. "తన డప్పు తనే కొట్టుకుంటున్నాడు చూడండర్రా," అని జనం నవ్వారు.

"నిజమేనండీ, ఇంకొకరు దొరకలేదు. కాసేపు మీరు కొడతారా?" అని డప్పు చాపాడు. నవ్వినవాళ్ళకు హఠాత్తుగా ఇంటి పనులు గుర్తొచ్చాయి.

గృహప్రవేశానికి మాత్రం ఊరంతా వచ్చింది. పులిహోర, బొబ్బట్లు ఉంటాయని చాటింపులోనే చెప్పాడు మరి. అతను చేసిన పొరపాటల్లా పందిరి వాకిట్లో వేయడం. నీడ, కుర్చీ, భోజనం అన్నీ గడపకు ఇవతలే దొరుకుతుంటే లోపలికి ఎవరు పోతారు?

ముగ్గురు పెద్దలు లేచి మాట్లాడారు. మొదటాయన ద్వారబంధం మీద గంటసేపు మాట్లాడాడు. రెండో ఆయన, "సమయాభావం వల్ల లోపలికి వెళ్ళలేకపోయాను గానీ, గుమ్మం చూస్తే గదులెలా ఉంటాయో తెలిసిపోతుంది," అన్నాడు. మూడో ఆయన తను చిన్నప్పుడు కట్టబోయి మానేసిన ఇంటి గురించి చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆపైన ముగ్గురూ కలిసి మనవాడికి శాలువా కప్పారు. నడి వేసవి. అతను సగం చెమటతో, సగం ఆనందంతో తడిసిపోయాడు.

వచ్చినవాళ్ళందరికీ తలుపు తాళంచెవులు పంచాడు. ప్రతి చెవి మీదా మేకుతో 'ప్రేమతో' అని గీశాడు. తీరిగ్గా వచ్చి చూస్తామని అందరూ మాటిచ్చారు. బావమరిదైతే రెండు తీసుకున్నాడు.

ఆ తర్వాత మనవాడు రోజూ అరుగు మీద కూర్చుని ఎదురుచూశాడు. ఒకనాడు బావమరిది అటుగా పోతుంటే పిలిచాడు.

"ఇల్లు చూశావా?"

"చూడకేం బావా! అద్భుతం. ముఖ్యంగా ఆ మొదటి గది."

"మొదటి గదిలో ఏం నచ్చింది?"

బావమరిది కాసేపు ఆకాశం వైపు చూశాడు. "గోడలు," అన్నాడు.

మనవాడు దానికీ పొంగిపోయాడు. మొదటి గదికి గోడలున్న మాట నిజమే కదా. లోపలికి పోయి వాటిని ఇంకోసారి నిమిరి వచ్చాడు.

వైశాఖం వెళ్ళిపోయింది. పడమట మబ్బు పట్టింది. ఆ పొద్దున బజారులో పాత ఇనపసామాన్ల బండి మీద తాళంచెవుల గుట్ట ఒకటి కనిపించింది. చేత్తో కెలికి చూశాడు. ప్రేమతో, ప్రేమతో, ప్రేమతో. బావమరిదివి రెండూ ఉన్నాయి.

"ఇవెవరు కొంటారు?" అని అడిగాడు.

"ఏటి జాలరోళ్ళు. వలకి బరువు కడతారు. నిన్న ఒకామె పాతిక పట్టుకుపోయింది," అన్నాడు బండివాడు.

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, బండి పట్టుకుని బజారులోనే ఏడ్చాడు. ఉరుము వినిపిస్తే ఉలిక్కిపడి ఇంటికి పరుగెత్తాడు. కరిగిపోయేముందు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలనిపించింది.

తలుపు తెరిచి ఉంది. గడప మీద ఒకామె నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, భుజాన వల వేసుకుని, ఒక చేత్తో నుదురు పట్టుకుంది.

"ఈ ఇల్లు కట్టినోడెవడయ్యా?"

"నేనేనమ్మా."

"నీ చెయ్యి పడిపోను! పందొమ్మిదో గది గుమ్మం అంత కిందకా పెట్టేది? చూడు నా తల!"

అతను చూశాడు. నిమ్మకాయంత బొప్పి. జన్మలో అంత అందమైనదాన్ని అతను చూసి ఎరగడు.

"పందొమ్మిదో గదిలోనా?" అన్నాడు.

"మరే! పద్దెనిమిదో గదిలో నవ్వీ నవ్వీ పైకి చూసుకోలేదు."

పద్దెనిమిదో గది నవ్వించడానికే కట్టాడతను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"అసలు లోపలికి ఎందుకొచ్చావమ్మా?"

"వలకి కడదామని పాతిక చెవులు తెచ్చుకున్నా. చూస్తే అన్నిటిమీదా ప్రేమతో అనే ఉంది. ఇంత ప్రేమ ఏట్లో ఎట్టా ముంచేది? ఏ తలుపుదో చూద్దామని ఊరంతా తిరిగా."

"చివరి గది దాకా వెళ్ళావా?"

"సగంలో వచ్చేదాన్నయితే నీతో ఈ తగువెందుకు? ముప్పై ఆరో గదిలో కిటికీ పెట్టలేదేం? ఊపిరాడక చచ్చా. పక్క గదిలోకి పోయాక గదా ప్రాణం కుదుటపడింది."

"పక్క గది ఏమిటి?"

"ముప్పై ఏడోది. కిటికీలోంచి సముద్రం కనపడుద్ది చూడు, అది."

అతను కట్టినవి ముప్పై ఆరు గదులే. సముద్రం ఆ ఊరికి నూరు ఆమడల దూరం.

"ఒక్కసారి చూసొస్తానమ్మా," అని లేచి గడప మీద కాలు పెట్టబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"వల ఆరేసుకోవాలి అక్కడ. ఆరినాక రా. మనిషి ఉన్న ఇంట్లోకి అడక్కుండా దూరతారా ఎక్కడైనా?"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

అప్పుడే వాన దిగింది. చినుకు చినుకుగా మొదలయ్యే వాన కాదు, ఏనుగు తొండాలతో పోసినట్టు కురిసింది. మనవాడు గోడకు చెంప ఆనించి చూశాడు. చల్లగా, గరుగ్గా, చెంప నొప్పెట్టేంత గట్టిగా ఉంది. నీళ్ళు జారి కిందికి పోతున్నాయి, మట్టి రేణువు కూడా వెంటపోవడం లేదు. లోపలెక్కడో, చాలా లోపల, ఆమె మళ్ళీ నవ్వుతున్న చప్పుడు వినపడింది. అతను చెప్పులు విడిచి నడివీధిలో గంతులేశాడు.

దారినపోయే ఒకాయన గొడుగు కింద ఆగాడు. "ఏమయ్యా, అంత ఇల్లు పెట్టుకుని వానలో ఈ తడవడమేమిటి? లోపలికి పోరాదూ?"

"కుదరదండీ," అన్నాడతను, నవ్వాపుకోలేక. "లోపల మనుషులున్నారు."