బేగంపేటలో ఉన్నానన్న నరహరి

చందానగర్‌లో నరహరి అనే ప్రెస్సు ఉద్యోగి ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, ఎక్కడున్నావని ఫోనులో అడిగితే మాత్రం ఉన్నచోటు ఒక్కనాడూ చెప్పేవాడు కాదు.

రోజూ లోకల్ రైల్లో నాంపల్లి వెళ్ళేవాడు. రైలు హఫీజ్‌పేటలో ఉండగా యజమాని ఫోను చేస్తే "ఖైరతాబాద్ దాటిన సార్" అనేవాడు. సాయంత్రం నాంపల్లి స్టేషను బయట మిరపకాయ బజ్జీలు తింటూ, భార్యతో "ఇగో, దిగుతున్న, చాయ్ పెట్టు" అనేవాడు. ఆ చాయ్ చల్లారిపోయేది. "రైలు కంటే నీ నోరే ముందు పోతది నరహరీ!" అని తోటి ప్రయాణికులు నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఇంత చిన్న మాటకు ఎవరి కొంప మునిగింది గనక అనుకునేవాడు.

నరహరికి అనసూయమ్మ అనే అక్క ఉండేది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆమే. కాజీపేటలో ఉండేది. కొంతకాలంగా ఆమె కళ్ళకు శుక్లాలు కమ్మి, మనుషులంతా పొగలో ఉన్నట్టు కనబడేవారు. బేగంపేటలో ఒక కంటి డాక్టరుకు చూపిస్తానని నరహరే ఆమెను రమ్మన్నాడు. ఊరివాళ్ళెవరో సికింద్రాబాద్ దాకా వెంట వచ్చి, ఆమెను లోకల్ ఎక్కించారు. తమ్ముడు ముందే వచ్చి బేగంపేట ప్లాట్‌ఫారం మీద ఉండాలి. అదీ అనుకున్న మాట.

ఆ ఉదయం నరహరి ఇంకా బనియన్‌తో కూర్చుని పేపరు తిరగేస్తున్నాడు. ఫోను మోగింది.

"తమ్మీ, బండెక్కిన. నువ్వు ఏడున్నవ్?"

"బేగంపేటలనే ఉన్నక్కా. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ."

"నాకు మొకాలు ఆనుతలెవ్వురా, అంత మసకనే. ఏం అంగి తొడుక్కున్నవ్?"

ఎదురుగా దండెం మీద నీలం చొక్కా ఒకటి వేలాడుతోంది. "నీలం అంగి" అన్నాడు.

తీరా చూస్తే ఆ చొక్కా ఇంకా తడి ఆరలేదు. తెల్లది తొడుక్కుని స్టేషనుకు పరుగెత్తేసరికి రైలు కాస్తా వెళ్ళిపోయింది. తర్వాతి రైలు ఇదిగో వస్తుంది, అదిగో వస్తుంది అనుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. అక్కకు ఫోను చేస్తే స్విచాఫ్ అని వచ్చింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అదే.

అతను బేగంపేటలో దిగేసరికి ఎండ ముదిరింది. ఎదుటి ప్లాట్‌ఫారం మీద అక్క కనబడింది. సంచీ చంకన పెట్టుకుని, నీలం చొక్కా ఎవరు వేసుకున్నా దగ్గరికి పోయి, మొహంలో మొహం పెట్టి చూసి వెనక్కి వస్తోంది. ఒకడు విసుక్కుని తోసుకుంటూ పోయాడు. ఆమె తూలి స్తంభం పట్టుకుంది.

నరహరి వంతెన ఎక్కి, దిగి, పరుగున వచ్చాడు. టీ అమ్మే ఆయన ఆమెతో అంటున్నాడు: "కూసో అమ్మా, ఎంతసేపు తిరుగుతవ్? నీ తమ్ముడు అసలు వచ్చిండో లేదో!"

"వచ్చిండు నాయనా. నాతోని చెప్పిండు. నాకే ఆనుతలేడు" అంది అనసూయమ్మ.

"అక్కా!" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు నరహరి.

"వచ్చినవా తమ్మీ! నాకోసం ఎంత దేవులాడుకుంట తిరిగినవో పాపం. ఈ కళ్ళు పూర్తిగనే పోయినయ్‌రా. నిన్నే గుర్తుపట్టకపోతిని. ఇంక డాక్టరెందుకు? నన్ను మళ్ళ బండెక్కియ్యి" అంటూ ఆమె చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

నరహరి నాలుక మీదికి అప్పటికే ఒక మాట వచ్చేసింది. 'అవునక్కా, నేనూ అటుపక్క దేవులాడుతున్న' అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా. కానీ ఆ చెంగు కేసి చూశాక అతనికి ఆ మాట పెగలలేదు.

"నీ కళ్ళ తప్పు లేదక్కా. నేనే అబద్ధమాడిన. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంట్లనే ఉన్న. ఇప్పుడే దిగిన" అన్నాడు తలవంచుకుని.

అనసూయమ్మ అతని చొక్కా అంచు పట్టుకుని కళ్ళ దగ్గరికి లాక్కుని చూసింది.

"ఇది తెల్లది గదరా!"

"తెల్లదే అక్కా."

"అయితే నా కళ్ళు ఇంక ఉన్నయన్నట్టే!" అని అతని వీపు మీద ఒక్కటి చరిచింది. మొహం వెలిగిపోయింది. "కాళ్ళే గుంజుతున్నయ్. ముందుగాల చాయ్ తాపియ్యి. తిట్టేది తర్వాత తిడత."

నిజంగానే తర్వాత తిట్టింది, డాక్టరుగారి గది బయట కూర్చుని, తనివితీరా. నరహరి అంతా విన్నాడు. శుక్లాలు తీస్తే చూపు వస్తుందన్నాడు డాక్టరు. తీశాడు. వచ్చింది. అనసూయమ్మ కొన్నాళ్ళు తమ్ముడింట్లోనే ఉండి, మరదలితో కబుర్లు చెబుతూ పప్పులో రాళ్ళు కూడా తనే ఏరింది.

ఆనాటి నుంచి నరహరి ఎవరడిగినా ఉన్నచోటే చెప్పేవాడు. మొదట్లో ఎవరూ నమ్మలేదు గానీ, పోనుపోను నమ్మారు.

తేలిగ్గా ఆడిన అబద్ధపు బరువంతా మనల్ని నమ్మినవాళ్ళ మీదే పడుతుంది. అందుకే ఎంత చిన్న విషయంలోనైనా ఉన్నమాటే చెప్పాలి.