సగం గడ్డం మేస్త్రీ

దేవరపాలెం ఉప్పు మడుల్లో పనిచేసే చెంచురామయ్య కష్టజీవే గాని, ఎండకు తల కప్పుకోవడం చేతకానివాళ్ళ పని అని నమ్మేవాడు.

ఉప్పు మడులు మీరు చూశారో లేదో. సముద్రపు నీటిని చదునైన మడుల్లోకి వదిలి ఎండబెడతారు. నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. దాన్ని పొడవాటి చెక్క పలకలతో లాగి గట్ల మీద రాశులు పోస్తారు. ఎండ ఎంత గట్టిగా కాస్తే ఉప్పు అంత బాగా పండుతుంది. అంటే అక్కడివాళ్ళు కోరి కోరి ఎండను పిలుచుకోవాలి. ఆ ఎండ నెత్తి మీద కాల్చి ఊరుకోదు. తెల్లటి ఉప్పు మీద పడి, అక్కడినుంచి మొహం మీదికి లేచి మరోసారి కాలుస్తుంది.

అందుకే అక్కడి ఆడవాళ్ళు చీర మీద పాత చొక్కాలు తొడుక్కుని, తలకూ మొహానికీ గుడ్డ చుట్టుకుని మడిలో దిగేవారు. మగవాళ్ళలో కొందరు తువ్వాలు కట్టుకునేవారు. చెంచురామయ్య మాత్రం ఒంటి మీద బనీనైనా లేకుండా, ఒట్టి తలతో పొద్దుగూకేదాకా పనిచేసేవాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పక్కవాళ్ళను ఆటపట్టించేవాడు కూడా.

"ఏందమ్మా, పెళ్ళికూతుళ్ళకి మల్లే ముసుగులేశారు? సూర్యుడు నాకు మేనమామ. మేనల్లుణ్ణి కాలుస్తాడా?" అనేవాడు.

అతని భార్య రవణమ్మది కూడా ఆ మడుల్లోనే పని. "మేనమామ ముద్దుగా గిల్లినా చెంప కందుద్ది. ఆ తువ్వాలు నెత్తినేసుకోవయ్యా" అనేది. అతను ఆ తువ్వాలును భుజం మీదే ఉంచుకునేవాడు, అలంకారానికి.

అలా ఏళ్ళు గడిచాయి. చెంచురామయ్యకు యాభై దాటాక, ఎడమ కంటి కింద, ముక్కు పక్కన ఒక నల్లటి మచ్చ లేచింది. ఆవగింజంత ఉండేది. రవణమ్మ దాన్ని చూసి అదేమిటో కనుక్కోమంది. చెంచురామయ్య గోడకున్న క్యాలెండరు తిరగేశాడు. దాని వెనక పుట్టుమచ్చల ఫలితాలు అచ్చువేసి ఉన్నాయి. ముక్కు పక్కన మచ్చ ఉన్నవాడు పదిమంది మీద పెత్తనం చేస్తాడట!

తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే అతన్ని మడులకు మేస్త్రీని చేశారు. ఎన్నో ఏళ్ళు ఒళ్ళు దాచుకోకుండా పనిచేసినందుకు చేశారు. కాని చెంచురామయ్య ఆ గొప్పంతా మచ్చకే కట్టబెట్టాడు. ఎవరు కనిపించినా మొహం కొంచెం కుడివైపు తిప్పి, ఎడమ చెంప చూపించి మరీ మాట్లాడేవాడు.

మచ్చ మిరియం గింజంత అయింది. దాని అంచులు లేచి, మైనం పూసినట్టు మెరవసాగాయి. అప్పుడప్పుడూ పొక్కు కట్టేది. పొక్కు రాలితే నెత్తురు చెమర్చేది. పసుపు అద్దితే మానినట్టే మాని, మళ్ళీ మొదటికొచ్చేది. "అదృష్టం పెరగతా ఉంది" అని చెంచురామయ్య మురిసిపోయేవాడు. చూశారా, మనిషి తలుచుకుంటే దేన్నైనా అదృష్టం చేసుకోగలడు!

బస్సు ఆగేచోట మాల్యాద్రి అనే అతను సెలూన్ నడిపేవాడు. చెంచురామయ్య ప్రతి ఆదివారం అక్కడే గడ్డం గీయించుకునేవాడు. కుర్చీలో కూర్చోగానే, "మచ్చ జోలికి పోబాకు" అని హెచ్చరించేవాడు. మాల్యాద్రి నవ్వి, దాని చుట్టూ జాగ్రత్తగా కత్తి నడిపేవాడు. కాని కొన్ని వారాలుగా అతని నవ్వు తగ్గింది.

ఒక ఆదివారం మాల్యాద్రి కుడి చెంప గీయడం పూర్తిచేశాడు. ఎడమ చెంప మీది నురగ ఎక్కువైతే తువ్వాలుతో అద్దాడు. తువ్వాలుకు నెత్తురంటింది.

"ఏంది, గీశావా మచ్చని?" అని ఉలిక్కిపడ్డాడు చెంచురామయ్య.

"కత్తి ఇంకా ఆ చెంపకి రానేలేదన్నా. నేను గీయకుండానే నెత్తురొస్తాంది" అన్నాడు మాల్యాద్రి. కత్తి మడిచి గూట్లో పెట్టేశాడు.

"మరి మిగతా సగం?"

"పెద్దాసుపత్రికి పోయి ఆ మచ్చ చూపించుకొని రా. అప్పుడు గీస్తా."

"పుట్టుమచ్చకి ఆసుపత్రేందిరా?"

"నువ్వు పుట్టినప్పుడుందా అది?"

"లేదు."

"మరి పుట్టుమచ్చ ఎట్టా అయిద్దన్నా? నీతో పుట్టింది పుట్టుమచ్చ. ఇది మొన్న పుట్టింది. పెరగతా ఉంది, మానటంలేదు. అదేందో నాకు తెలవదు. మంచిది కాదని మాత్రం తెలస్తాంది."

చెంచురామయ్యకు ఒళ్ళు మండిపోయింది. తన అదృష్టాన్ని పట్టుకుని ఇంత మాట అంటాడా! లేచి మెడకు కట్టిన గుడ్డ విసిరికొట్టాడు. "రేపటినుంచి మడులోళ్ళలో ఒక్కడొస్తే చూడు నీ కొట్టుకి" అన్నాడు.

మాల్యాద్రి మొహం చిన్నబోయింది. ఆ కొట్టు నడిచేదే మడులవాళ్ళతో. అయినా కత్తి తీయలేదు. "బేరాలు పోతే మళ్ళీ వస్తాయన్నా. నువ్వు పోతే రావు" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు చెంచురామయ్య. మేస్త్రీతో గొడవ ఎందుకని చాలామంది గడ్డాలకు పక్క ఊరు పోయారు. అతను కూడా ఆ ఆదివారమే పోదామనుకున్నాడు గాని, సగం గడ్డంతో బస్సెక్కడానికి మొహం చెల్లలేదు. తెల్లారి అలాగే పనిలోకి వెళ్ళాడు.

మడుల్లో నవ్వులే నవ్వులు. ఇన్నాళ్ళూ అతనితో మాటలు పడిన ఆడవాళ్ళు వదులుతారా? "మేస్త్రీ, ఇటునుంచి చూస్తే పెళ్ళికొడుకువి, అటునుంచి చూస్తే అయ్యప్పసామివి! ఎటు దండం పెట్టేది?" అని అడిగారు.

ఆ నవ్వులు భరించలేక చెంచురామయ్య భుజం మీది తువ్వాలు తీసి, తలకూ మొహానికీ చుట్టేసుకున్నాడు. కళ్ళు మాత్రమే కనిపించేలా సాయంత్రందాకా అలాగే ఉన్నాడు. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక ఒక సంగతి గమనించాడు. ఆ రోజు తలనొప్పి లేదు. మొహం మంట లేదు. రోజూ ఇంటికి రాగానే నీళ్ళతో చెంపలు తడుపుకునేవాడు, ఆ రోజు ఆ అవసరమే రాలేదు. మేనమామ ఇన్నాళ్ళూ గిల్లుతూనే ఉన్నాడన్నమాట! ఆ మాట పైకి అనలేదు గాని, మొదటిసారి అతని మనసులో భయం పుట్టింది.

"గడ్డం కోసమన్నా ఆసుపత్రికి పోదాం పదయ్యా" అంది రవణమ్మ. ఈసారి అతను కాదనలేదు.

పట్నంలోని పెద్దాసుపత్రిలో చర్మం జబ్బులు చూసే డాక్టరమ్మ మచ్చను భూతద్దంతో చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"ఇది పుట్టుమచ్చ కాదు. చర్మానికి వచ్చే క్యాన్సర్."

చెంచురామయ్య తన నల్లటి చేతుల వంక చూసుకున్నాడు. "మాలాంటి నల్లటోళ్ళకి కూడా వస్తదా అమ్మా?"

"తక్కువమందికి వస్తుంది. రాకుండా మాత్రం పోదు. ఏళ్ళ తరబడి ఎండ పడ్డ చోట వచ్చే జబ్బు ఇది. నల్లటి ఒంటి మీద నల్లటి మచ్చ కదా, ఎవరూ అనుమానించరు. మీకొచ్చింది మెల్లగా పెరిగే రకం. కాని పక్కనున్నదాన్ని తినుకుంటూ పోతుంది. మీ కన్ను ఎంత దగ్గరలో ఉందో చూసుకున్నారా? ఇప్పుడు తీసేస్తే కన్ను దక్కుతుంది. ఆలస్యం చేస్తే నేను మాట ఇవ్వలేను."

చెంచురామయ్య ఇంకా నసిగాడు. "తీసేస్తే మరి... నా మేస్త్రీ పని..."

"కన్ను పోగొట్టుకొని ఎవర్ని చూసి పెత్తనం చేస్తావయ్యా?" అని రవణమ్మ ఏడుస్తూనే కసిరింది.

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. "కన్ను దాకా పోకముందే వచ్చారు, ఎవరు పంపారు మిమ్మల్ని?" అని అడిగింది.

"మా మాల్యాద్రి అమ్మా. గడ్డం గీసేవాడు. ఈ సగం గీశాడు, ఆ సగం గీయనన్నాడు." ఆ మాట చెబుతుంటే చెంచురామయ్యకు దుఃఖం ముంచుకొచ్చింది. తాను ఆ మనిషి కొట్టుకు జనాన్ని పోనివ్వకుండా చేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆపరేషన్ జరిగింది. మచ్చ మొత్తం పోయింది. కన్ను దక్కింది. ఆసుపత్రిలో గడ్డం గీస్తామంటే మాత్రం అతను ఒప్పుకోలేదు. "అది మా మాల్యాద్రి పని" అన్నాడు.

బస్సు దిగి చెంచురామయ్య ఇంటికి పోలేదు. నేరుగా సెలూన్‌కు వెళ్ళాడు. కుర్చీ ఖాళీగా ఉంది. మాల్యాద్రి గుమ్మంలో కూర్చుని ఈగలు తోలుకుంటున్నాడు. చెంచురామయ్య తలగుడ్డ విప్పి చెంప చూపించాడు. మచ్చ ఉన్నచోట సన్నటి కుట్ల గీత ఉంది.

చెంచురామయ్య రెండు చేతులూ జోడించాడు. "ఈ కన్ను నువ్వు నిలబెట్టిందే మాల్యాద్రీ. నీ పొట్ట కొట్టినా నువ్వు నా మేలే చూశావు. నన్నూ, రవణమ్మనీ ఇద్దర్నీ బతికించావు."

మాల్యాద్రి అతని చేతులు పట్టుకుని కిందికి దించాడు. తడికళ్ళతోనే నవ్వాడు. "ఇన్నేళ్ళు గడ్డం గీస్తే ఒక్కసారన్నా దండం పెట్టలేదు. గీయనన్నందుకు పెడతన్నావే! రా, కూర్చో. రెండు పక్కలా పెరిగిపోయింది, మిగిలిన సగం ఏదో ముందు తేల్చాలి."

మర్నాడు మడుల గట్టు మీద చెంచురామయ్య అందర్నీ పిలిచాడు. నెత్తిన వెడల్పాటి తాటాకు టోపీ, ఒంటి మీద పొడుగు చేతుల చొక్కా చూసి అందరూ నోళ్ళు తెరిచారు.

"వానకి కరిగిపోద్దని ఉప్పు రాశికి తాటాకులు కప్పుతాం. మనల్ని ఎప్పుడన్నా కప్పుకున్నామా?" అన్నాడు. ఆ తాటాకులతోనే గట్టు మీద ఒక పందిరి వేయించాడు. నడినెత్తిన ఎండ ఉన్నంతసేపు పని ఆపి, ఆ నీడన కూర్చోవాలన్నాడు. పొద్దున పెందలాడే వచ్చి, ఆ వేళ ఆగే పని ముందే చేసుకునేవారు. తలకు గుడ్డ లేనివాణ్ణి మడిలోకి దిగనిచ్చేవాడు కాదు. ఎవరి ఒంటి మీద కొత్త మచ్చ పెరుగుతున్నా, పుండు నెల దాటినా మానకపోయినా తానే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. ఆ పెత్తనం మచ్చ పోయాక కూడా ఏళ్ళ తరబడి అతని దగ్గరే ఉంది.

మడులవాళ్ళంతా మళ్ళీ మాల్యాద్రి దగ్గరికే వచ్చారు. ప్రతి ఆదివారం చెంచురామయ్య కుర్చీలో కూర్చునేవాడు. కుడి చెంప గీయడం అవగానే, "ఆగు" అనేవాడు. కత్తి ఆగేది. నురగ మొహంతోనే అద్దంలోని మాల్యాద్రికి దండం పెట్టేవాడు. తర్వాత, "ఇప్పుడు కానీయ్" అనేవాడు.

పిల్లలూ, పెద్దలూ, ఈ కథలో నీతి ఇది: ఎండలో పనిచేసేవారు ఒంటిని కప్పి కాపాడుకోవాలి, కొత్తగా లేచి పెరిగే మచ్చను అదృష్టమనుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి, మన మేలు కోరి మనకు అడ్డుపడినవారిని బతికినంతకాలం తలుచుకోవాలి.