ట్రూడెల్‌బాఖ్ జెండాలో పిట్ట తోక

ఒకప్పుడు తోకూపుడు పిట్ట తోక ఊపేది కాదు. నమ్మరు కదూ? వాగుల పక్కన, తడి గట్ల మీద, క్షణం నిలవకుండా తోక ఆడిస్తూ తిరిగే ఆ నలుపు తెలుపు పిట్టే! ఆ రోజుల్లో అది రాయి మీద కూర్చుంటే ఏది రాయో, ఏది పిట్టో తెలిసేది కాదు.

జర్మనీ దేశంలో ట్రూడెల్‌బాఖ్ అని ఓ బుల్లి ఊరుండేది. పదకొండు ఇళ్ళు, ఒక వాగు, ఆ వాగు నీటితో తిరిగే ఒక పిండిమర. మర పక్కన రాతి వంతెన కింద మన పిట్ట గూడు. గూట్లో ఐదు పిల్లలు, ఇంకా రెక్కలు రానివి.

ఒకనాడు పై అధికారుల దగ్గరనుంచి కబురొచ్చింది. "ప్రతి ఊరికీ సొంత గుర్తు, సొంత జెండా ఉండాలి. లేని ఊరిని పక్క ఊళ్ళో కలిపేస్తాం."

పక్క ఊరంటే గ్రోస్‌డోర్న్. వాళ్ళ కన్ను ఎప్పటినుంచో ఈ వాగు మీదే. ఊరు తమ చేతికొస్తే చాలు, వాగును తమ చేపల చెరువుల్లోకి మళ్ళించేసుకుంటారు. వాగు ఎండితే పురుగులుండవు. పురుగులు లేకపోతే పిల్లలకు మేత ఉండదు. పిట్ట గుండెల్లో రాయి పడింది.

ఊళ్ళో జెండాలు కుట్టి, వాటిమీద బొమ్మలు వేసే ముసలమ్మ ఒకామె ఉంది. పేరు ఒట్టీలియే. అందరూ ఆమె వాకిట్లో పోగయ్యారు.

"నా బొమ్మే వెయ్యాలి! పొద్దున్నే ఈ ఊరిని లేపేదెవరు?" అంది కోడిపుంజు.

"గ్రోస్‌డోర్న్ జెండా మీద ఇప్పటికే పుంజుంది. నువ్వెక్కితే మనల్ని కూడా వాళ్ళే అనుకుంటారు. పో!" అంది ఒట్టీలియే.

"అయితే నేను!" అని అడవిపంది ముందుకొచ్చింది.

"నీ ఒంటి రంగు మట్టి రంగు. మా జెండాల వాళ్ళ రంగుల పెట్టెలో ఆ రంగే ఉండదు. పైగా నువ్వు కదలకుండా నిలబడతావా? అప్పుడే నా బంతిపూల మడి తవ్వేస్తున్నావు!"

ఆమె చుట్టూ చూసింది. గోడమీద కదలకుండా కూర్చున్న పిట్ట కనబడింది.

"ఇదిగో, ఇది! తెల్లటి గుడ్డ మీద నల్లటి పిట్ట. దూరానికి ఇంతకంటే బాగా ఏదీ కనబడదు. రామ్మా, కూర్చో!"

పిట్ట మూడు పూటలు రెప్ప వేయకుండా కూర్చుంది. బొమ్మ అచ్చుగుద్దినట్టు వచ్చింది.

అంతలో గాలి విసురుగా వచ్చింది. "మరి నా బొమ్మో?"

"నీకు రూపమే లేదు కదా నాయనా, ఏం వెయ్యను?" అని నవ్వేసింది ఒట్టీలియే. మిగతా అందరూ నవ్వారు.

గాలి మూతి ముడుచుకుంది. "సరే. నేను లేకుండా మీ జెండా ఎలా ఎగురుతుందో చూస్తా!" అని కొండ వెనక్కి వెళ్ళి పడుకుంది. జెండా కుట్టారు, కర్ర నాటారు, విందు కూడా వండారు గానీ గాలిని బతిమాలాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

జెండా తనిఖీకి పైనుంచి ఒక దొరగారు వచ్చారు. ఆయన పద్ధతి ఆయనది. జెండాకి వందడుగుల దూరాన నిలబడి, గుర్తేమిటో తనంతట తానే చెప్పాలి. మనిషైనా, పశువైనా, పిట్టైనా నోరు విప్పి చెప్పారంటే ఆ జెండా చెల్లదు.

జెండా ఎక్కించారు. అది తడి తువ్వాలులా కర్రకు అతుక్కుని వేలాడింది. బొమ్మంతా మడతల్లోకి పోయింది. తోక ఒక్కటే బయటికి కనబడుతోంది.

"నల్లగా ఏదో పుల్ల. చీపురుపుల్లా? గరిటె కాడా?" అన్నారు దొరగారు.

ఊరంతా నోళ్ళు రెండు చేతులతో మూసుకుంది. ఒట్టీలియే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దొరగారు పుస్తకం తెరిచి, కలం సిరాలో ముంచి, "గ్రోస్‌డోర్న్‌లో కలపవలెను" అని రాయబోయారు.

పిట్టకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చేతులు లేవనుకోండి, రెక్కలు! ఎగిరి జెండాకర్ర కొసన వాలింది. అలవాటు ప్రకారం కదలకుండా కూర్చుంది.

"కర్రకు గుబ్బ బాగా చెక్కారు," అన్నారు దొరగారు.

అయ్యో, గుబ్బనుకున్నాడే! అరవకూడదు. ఎగిరిపోతే లాభం లేదు. ఏం చెయ్యాలి? పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కదపని తోకను పిట్ట బలమంతా పెట్టి పైకెత్తింది. కిందికి దించింది. మళ్ళీ ఎత్తింది. నొప్పి పుట్టింది. అయినా ఊపింది.

దొరగారి కలం ఆగింది. "గుబ్బ కదులుతోందే!" ఆయన పైన ఉన్న తోకను చూశారు. గుడ్డ మడతలోని తోకను చూశారు. మళ్ళీ పైకి చూశారు.

"ఆ తోకే ఈ తోక! గుర్తు పిట్ట! నలుపు తెలుపు వాగు పిట్ట!"

ట్రూడెల్‌బాఖ్ ట్రూడెల్‌బాఖ్‌గానే ఉండిపోయింది. వాగు దాని దారిన అది పారింది. ఊరంతా ఒకటే గెంతులు.

కానీ దొరగారు గుర్రమెక్కుతూ ఒక మాటన్నారు. "మళ్ళీ వచ్చి చూస్తాను. ఎప్పుడన్నది మాత్రం చెప్పను."

"ఎప్పుడొస్తాడు? రేపా? ఎల్లుండా?" అని పిట్ట ఆత్రంగా అడిగింది.

"ఎవరికి తెలుసమ్మా? ఆ గాలి అలక తీరుతుందో లేదో కూడా తెలియదు," అంది ఒట్టీలియే.

ఆ మాటతో పిట్టకు కుదురు పోయింది. మేత ఏరుతూ తోక ఊపింది. పిల్లల నోట్లో పురుగు పెడుతూ ఊపింది. తల్లిని చూసి పిల్లలూ ఊపడం నేర్చుకున్నాయి.

అప్పటినుంచే తోకూపుడు పిట్ట తోక ఆగదు. గాలి ఉన్నా ఊపుతుంది, లేకపోయినా ఊపుతుంది. వాగు గట్టున కనబడితే మీరూ మెల్లిగా దగ్గరికి వెళ్ళి చూడండి. ఇంకాస్త గట్టిగా ఊపుతుంది. వచ్చింది దొరగారేమో, దానికేం తెలుసు పాపం!