సున్నపుకాయ పట్టుకెళ్ళిన రాకుమారుడు

అనగా అనగా మణిగిరి రాజ్యంలో తిండంటే ప్రాణం పెట్టే రాజుగారొకాయన ఉండేవాడు. వంకాయ కూరలో ఉప్పు పిసరంత తగ్గితే చాలు, విస్తరి ముందు కూర్చునే వంటింటి కప్పు ఎగిరిపోయేలా కేకలేసేవాడు.

అలాంటి రాజుగారి నాలుక మీది రుచిని ఒకరోజు చప్పిడి మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పుట్టినప్పట్నుంచీ వాడికి ఏం తిన్నా చప్పగానే ఉండేదట, ఇంకొకరు లొట్టలేస్తుంటే ఓర్వలేకపోయాడు. ఆ రుచినీ తన ప్రాణాన్నీ కలిపి ఒక చిలుకలో దాచి, ఏడు సముద్రాల అవతలున్న మెక్సికో దేశంలో వదిలాడు. ఇక్కడ రాజుగారికి పాయసమూ పొట్టూ ఒకటైపోయాయి. అన్నం మానేశాడు.

చిలుక సంగతి ఆస్థాన జోస్యుడు గవ్వలేసి చెప్పాడు. రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఊరగాయ జాడీలు ఓడకెత్తించి వెళ్ళాడు. రెండోవాడు వంటవాళ్ళనే వెంటబెట్టుకెళ్ళాడు. ఇద్దరూ అక్కడ ఎవరింటి గడపా తొక్కలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. చిలుక జాడ తెలియలేదంటూ తిరిగొచ్చారు. అప్పటికి రాజుగారి ఎముకలు తేలాయి. "ఇంకో ఆరు నెలలు, అంతే" అన్నాడు వైద్యుడు.

మూడోవాడు మలయసేనుడు బయలుదేరాడు. తాంబూలం లేనిదే వాడికి పొద్దుపోదు, అందుకని తమలపాకులూ వెండి సున్నపుకాయా పట్టుకెళ్ళాడు. మూడో సముద్రం దాటేసరికే ఆకులు కుళ్ళిపోయాయి. సున్నం మాత్రం మిగిలింది.

మెక్సికో ఒడ్డున దిగగానే వలలో చిక్కుకున్న ఒక ఉడుము కనబడింది. వాడు ముడులు విప్పి వదిలి, తను వచ్చిన పని చెప్పాడు.

"మేలు చేశావు. నీ చిలుక ఎక్కడున్నా సరే, ఈ దేశపు మొక్కజొన్న రొట్టె కాలిన వాసన వస్తే ఎగిరొచ్చి వాలుతుంది. రొట్టె కాల్చే ఇల్లు వెతుకుదాం, నడు" అంది ఉడుము.

ముందు సముద్రం పక్క ఊరు. అక్కడొక ముసలమ్మ చేపను నారింజ పులుపులో ఊరవేసి, అరటాకులో చుట్టి, నిప్పుల గుంటలో ఉడికించి పెట్టింది. మలయసేనుడు వేళ్ళు నాక్కున్నాడు. రొట్టె మాత్రం లేదు. వాడు అడగలేదు కూడా. వాళ్ళ మణిగిరిలో విస్తట్లో లేనిది అడిగితే పెట్టినవాళ్ళను అవమానించినట్టే లెక్క.

తరవాత కొండమీది ఊరు. అక్కడొక పెద్దావిడ ఎండు మిరపకాయలూ నువ్వులూ చాక్లెట్ గింజలూ రాతి మీద నూరి, నల్లగా కాచిన పులుసు పోసింది. పక్కన గుప్పెడు వేయించిన మిడతలు! వాడు కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో వేసుకున్నాడు. కరకరలాడింది. కళ్ళు తెరిచి గుప్పెడూ ఖాళీ చేశాడు. ఇక్కడా రొట్టె లేదు, ఇక్కడా అడగలేదు.

"అక్కడ మీ నాన్న ఎండిపోతుంటే ఇక్కడ నీ మర్యాదేమిటయ్యా!" అని ఉడుము దారంతా సణిగింది.

ఆఖరికి ఎండలు మండే మెట్ట ఊరు. అక్కడ షోచీ అనే అమ్మాయి నాగజెముడు ముళ్ళు గీకేసి, ముక్కలు కోసి కూర వండి పెట్టింది. జిగురుగా, పుల్లగా భలేగా ఉంది. వాడికి నాన్న గుర్తొచ్చాడు. ఈ కూర తింటే నాన్న ఏమనేవాడో అనుకుని చేతిలో ముద్ద కింద పెట్టేశాడు. సిగ్గంతా మింగి అడిగేశాడు.

"ఏమనుకోకండి. రొట్టె లేదా?"

షోచీ కళ్ళనిండా నీళ్ళు. "మూడేళ్ళయింది రొట్టె కాల్చి. మొక్కజొన్నను సున్నంలో ఉడకబెట్టందే పిండికి జిగి రాదు. తన చిలుక రొట్టె వాసన పట్టి వచ్చి ఎవరికైనా చిక్కుతుందని భయపడి, ఒక మాంత్రికుడు దేశంలో సున్నమంతా మాయం చేశాడు. ఇంటికొచ్చినవాళ్ళకు కూర ఒక్కటే పెట్టాలంటే మాకెంత తలవంపులో మీకేం తెలుసు?"

మలయసేనుడు తెల్లబోయాడు. "తాంబూలంలో వేసుకునే సున్నమేనా?" అంటూ బొడ్డున దోపుకున్న వెండి సున్నపుకాయ తీశాడు. "ఇది సముద్రం ఒడ్డునే అడగాల్సింది" అంది ఉడుము.

మర్నాడు పొద్దున్నే షోచీ సున్నంలో ఉడికి నానిన గింజల పొట్టు కడిగి, రాతి మీద రుబ్బి, చేత్తో తట్టి పెనం మీద వేసింది. రొట్టె పొంగింది. ఆ వాసనకు ముళ్ళ కంచె మీదుగా పచ్చటి చిలుక రివ్వున వచ్చి మలయసేనుడి భుజం మీద వాలింది. వెనకే రొప్పుతూ మాంత్రికుడు!

"చంపకు బాబూ! రుచి నీదే, తీసుకో. నాకెప్పటికీ చప్పిడి బతుకే" అని వాడు కూలబడి ఏడ్చాడు.

మలయసేనుడికి జాలేసింది. చిలుక మెడ వైపు చెయ్యి పోలేదు.

"ఏడుపాపి సున్నమంతా తిరిగి పెట్టు" అంది షోచీ. "పొద్దుటినుంచి సాయంత్రందాకా ఈ రాతి మీద మొక్కజొన్న రుబ్బు. అప్పుడు తిని చూడు, రుచెందుకు రాదో!"

రుబ్బాడు. వచ్చింది. ఎనిమిది రొట్టెలు తిన్నాడు.

మలయసేనుడు చిలుకనూ, మనసిచ్చిన షోచీనీ వెంటబెట్టుకుని ఆరో నెల ఆఖరి వారంలో మణిగిరి చేరాడు. చిలుక రాజుగారి చెవిలో ఏదో కూసింది. షోచీ వేడి రొట్టె తుంచి కూర అద్ది ఆయన నోట్లో పెట్టింది. రాజుగారు మెల్లగా నమిలాడు. మింగాడు. మొహం చిట్లించాడు.

"కూరలో ఉప్పేదీ?" అని వంటింటి కప్పు ఎగిరిపోయేలా కేకేశాడు.

రాణిగారు సంతోషం పట్టలేక భోరున ఏడ్చేసింది.

ఆ వారమే మలయసేనుడికీ షోచీకీ పెళ్ళి. రాజుగారి తరవాత వాళ్ళిద్దరూ చాలా ఏళ్ళు చల్లగా ఏలారు. వాళ్ళ ఏలుబడిలో విస్తట్లో లేనిది అడగడం తప్పు కాకుండా పోయింది. కథ అయిపోయింది పిల్లలూ. మరి నన్నూ అడగనివ్వండి, ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?